ఆ మార్కులో విద్యార్థి వాటా ఎంత?

ఎంబీబీఎస్ ఫైనల్ ప్రాక్టికల్స్ తేదీలు వచ్చాయంటే చాలు, ఏ బోధనాసుపత్రిలోనైనా రోగుల కోసం వేట మొదలవుతుంది. రోగులు లేక కాదు, ఓపీలో నిలబడే చోటుండదు. కావలసింది పరీక్షకు పనికొచ్చే రోగి. జ్వరంతో వణుకుతున్న మనిషి పనికిరాడు. ఆయాసంతో మాట పెగలని మనిషీ పనికిరాడు. జబ్బు నిలకడగా ఉండాలి, చేత్తో తడిమితే తెలియాలి, స్టెత్ పెడితే వినపడాలి. అడిగిన వాళ్లందరికీ అదే కథను విసుక్కోకుండా చెప్పే ఓపిక కూడా ఉండాలి. పెరిగిన ప్లీహం, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు, పక్షవాతం, గుండె కవాటం జబ్బు అయితే మరీ మంచిది. జూనియర్ పీజీలు పాత కేస్ షీట్లు తిరగేసి ఫోన్ నంబర్లు పట్టుకుంటారు. "అమ్మా, సోమవారం రాగలవా? బస్సు చార్జీలు ఇస్తాం, భోజనం పెడతాం" అని బతిమాలతారు.

అలా పిలిస్తే ఏటా వచ్చే ఒకావిడ మా వార్డులో అందరికీ తెలుసు. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాతం జ్వరం వల్ల ఆవిడ గుండెలో మైట్రల్ కవాటం సన్నబడిపోయింది. పిల్లలు ఆవిణ్ణి 'మైట్రల్ పిన్ని' అంటారు. ఈ జబ్బులో గుండె దగ్గర వినిపించే శబ్దం చాలా మంద్రంగా ఉంటుంది. మామూలుగా స్టెత్ పెడితే చెవికి అందదు. రోగిని ఎడమ పక్కకు తిప్పి, స్టెత్ బెల్ వైపును తేలిగ్గా ఆనించి, ఊపిరి వదలమని చెప్పి వినాలి. ఈ సంగతి తెలిసినవాడెవడో, తెలియనివాడెవడో తేలాల్సింది సరిగ్గా అక్కడే. కాని విద్యార్థి చెవులకు స్టెత్ తగిలించుకోగానే పిన్ని తనంతట తానే ఎడమ పక్కకు ఒత్తిగిల్లుతుంది. బిక్కమొహం వేసుకున్న కుర్రాడితో, "ఇంకాస్త కిందికి పెట్టు నాయనా" అని గుసగుసలాడటమూ నేను విన్నాను. పాపం, ఆవిడది మంచి మనసు. కాని అక్కడ పడే మార్కు విద్యార్థిదా, పిన్నిదా?

నేను జనరల్ మెడిసిన్ చెబుతాను. ఇతర కాలేజీలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్తుంటాను. వెళ్లిన ప్రతి చోటా ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. ఒక్కో చోట ఒక్కో రకం రోగులు, ఒక్కో రకం ఎగ్జామినర్లు, ఒక్కో రకం ఆసుపత్రి. చివరకు చేతికొచ్చే పట్టా మాత్రం ఒకటే. రోగిని ముట్టుకుని చూడగలిగే నేర్పును అన్ని చోట్లా ఒకే న్యాయంతో కొలవడం ఎలా? ఇది డాక్టర్ల ఇంటి గొడవలా కనిపిస్తుంది గాని, రేపు మీ ఊరి పీహెచ్‌సీలో కుర్చీలో కూర్చునేది ఆ కుర్రాడో, ఆ అమ్మాయో కాబట్టి ఇది మీ గొడవ కూడా.

ఒక్క రోగి, ఒక్క పూట

ముందు ఈ పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పాలి. ఫైనల్ ఇయర్‌లో జనరల్ మెడిసిన్‌కు థియరీ 200 మార్కులైతే ప్రాక్టికల్స్ మరో 200. అందులో పెద్ద పీట లాంగ్ కేస్‌ది. విద్యార్థికి ఒక రోగిని కేటాయిస్తారు. ముప్పావు గంట, గంట లోపల హిస్టరీ తీసుకోవాలి, తల నుంచి పాదం వరకు పరీక్షించాలి, రోగ నిర్ధారణ రాసుకోవాలి. తర్వాత ఎగ్జామినర్లు మంచం దగ్గరికి వచ్చి వినిపించమంటారు, మధ్యమధ్య ప్రశ్నలు వేస్తారు. షార్ట్ కేసులు, ఎక్స్‌రేలు, ఈసీజీలు, మందుల మీద వైవా దీనికి అదనం. వందమంది విద్యార్థులకు కనీసం నలుగురు ఎగ్జామినర్లు ఉండాలని, వాళ్లలో సగానికి తగ్గకుండా బయటి వాళ్లుండాలని నిబంధన.

లాంగ్ కేస్ గొప్పతనం లాంగ్ కేస్‌ది. నిజమైన మనిషి, నిజమైన జబ్బు, మొదటి నుంచి చివరి దాకా విద్యార్థి ఆలోచన ఎలా నడిచిందో కనిపిస్తుంది. దానితో చిక్కల్లా అది ఒక్కటే కావడం. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఆర్థర్ ఎల్‌స్టీన్, ఆయన సహచరులు డాక్టర్లు ఎలా ఆలోచిస్తారో ఏళ్ల తరబడి పరిశీలించి 1978లో పుస్తకం వేశారు. ఒక కేసును చక్కగా ఛేదించినవాడు ఇంకో కేసును కూడా అంతే చక్కగా ఛేదిస్తాడన్న పూచీ లేదని అందులో తేలింది. 'క్లినికల్ సెన్స్' అని మనం మురిసిపోయే గుణం అన్ని జబ్బులకూ ఒకేలా పనిచేసేది కాదు. పక్షవాతం కేసును పద్యం అప్పజెప్పినట్టు చెప్పిన అమ్మాయి కామెర్ల రోగి దగ్గర తడబడవచ్చు. అంటే ఒక్క రోగి దగ్గర వచ్చిన మార్కుతో ఆ అమ్మాయి మొత్తం నేర్పును అంచనా కట్టలేం.

భాష ఇంకో తంటా. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆల్ ఇండియా కోటావి. రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాడికి వరంగల్ పక్క పల్లెటూరి పెద్దాయన పడతాడు. ఆయన "నడిస్తే దమ్మొస్తాంది, రాత్రి పండలేకపోతున్న" అంటాడు. గుండె బలహీనపడిందని చెప్పే సమాచారమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అది అందుకోలేక ఆ కుర్రాడు పక్క మంచం దగ్గరున్న నర్సు వైపు చూస్తాడు. మన పిల్లలకు ఇతర రాష్ట్రాల్లో ఎదురయ్యేదీ ఇదే.

పాత ఆసుపత్రి, కొత్త ఆసుపత్రి

విశాఖపట్నంలో ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. గుంటూరుది 1946, వరంగల్ కాకతీయది 1959. విశాఖ కాలేజీ బోధనాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. మామూలుగా పుస్తకంలో బొమ్మగా మాత్రమే కనిపించే జబ్బులు అక్కడ వార్డులో మంచం మీద కనిపిస్తాయి.

ఇప్పుడు కొత్త వరస చూడండి. తెలంగాణలో 2022 నవంబరులో సంగారెడ్డి, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, కొత్తగూడెం కాలేజీల్లో ఒకేసారి తరగతులు ప్రారంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల వచ్చాయి. నిన్నటిదాకా జిల్లా ఆసుపత్రులుగా నడిచినవే చాలావరకు ఇప్పుడు బోధనాసుపత్రులు. ఈ పిల్లలూ అదే ఫైనల్ పరీక్ష రాయాలి. తెలంగాణలో అయితే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో అయితే విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరుతో పట్టా తీసుకోవాలి.

పాతది గొప్ప, కొత్తది తక్కువ అని తేల్చేస్తే తప్పులో కాలేసినట్టే. పెద్దాసుపత్రిలో ప్రసవాల గదికి వెళ్తే ముందు వరసలో పీజీలుంటారు, వాళ్ల వెనక హౌస్‌సర్జన్లుంటారు, వాళ్ల భుజాల మీంచి తొంగి చూసేవాడు మన ఎంబీబీఎస్ విద్యార్థి. చిన్న జిల్లా కేంద్రంలో పీజీలే లేని చోట మేడమ్ పక్కన నిలబడి చెయ్యి వేసే అవకాశం దొరుకుతుంది. అరుదైన కేసులు పెద్ద చోట, చేతి పని చిన్న చోట. పైగా ఏ నేల జబ్బులు ఆ నేలవి. నల్గొండలో చదివే విద్యార్థికి ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన వెన్నెముక చూడగానే తెలిసిపోతుంది. శ్రీకాకుళం పిల్లలకు ఉద్దానం కిడ్నీ జబ్బు కొట్టిన పిండి. ఆ కేసును లాంగ్ కేస్‌గా ఇంకో జిల్లాలో ఇస్తే అక్కడి పిల్లలు చేతులెత్తేస్తారు. అది వాళ్ల చదువు లోపం కాదు, వాళ్లు ఆ జబ్బు మనిషిని చూడనేలేదు.

కాబట్టి న్యాయమంటే అందరికీ ఒకే రోగిని చూపించడం కాదు. ఎక్కడ చదివినా ఇవి మాత్రం చేతనైతీరాలి అని ఒక జాబితా గీసుకుని, దాన్ని ఒకే గట్టితనంతో పరీక్షించడం.

గద్దలు, పావురాలు

రోగి తర్వాత ఎగ్జామినర్. మాలో కొందరి పేరు వింటేనే పిల్లలు గుడికెళ్లి మొక్కుకుంటారు. కొందరి పేరు వింటే సినిమాకెళ్తారు. వైద్యవిద్యలో పరిశోధన చేసేవాళ్లు ఈ రెండు జాతులకూ గద్దలు, పావురాలు అని పేర్లు పెట్టారు. బ్రిటన్‌లో ఎంఆర్‌సీపీ అనే పెద్ద పరీక్ష ఉంది. దాని క్లినికల్ భాగం పేరు పేసెస్. ఆ మార్కులను లెక్కగట్టి 2006లో ఒక అధ్యయనం వెలువడింది. మార్కుల్లో క్రమపద్ధతిలో కనిపించిన తేడాలలో 87 శాతం అభ్యర్థుల సామర్థ్యం వల్ల, 12 శాతం ఎగ్జామినర్ల కఠినత్వం వల్ల, 1 శాతం స్టేషన్ కష్టం వల్ల అని తేలింది. ఎగ్జామినర్లకు శిక్షణ ఇచ్చి, ప్రతి స్టేషన్‌లో ఇద్దరిని కూర్చోబెట్టే పరీక్షలోనే గద్దకు, పావురానికి ఉన్న తేడా అంత. అంచు మీద ఉన్న పిల్లవాడికి పాసో ఫెయిలో తేల్చడానికి అది చాలు.

ఇంకో చిత్రమైన సంగతి. పీటర్ యేట్స్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన బృందం 2012లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరు ఎగ్జామినర్లకు ముందు బాగా చేసిన వాళ్ల వీడియోలు చూపించారు, ఇంకొందరికి పేలవంగా చేసిన వాళ్లవి చూపించారు. ఆ తర్వాత అందరికీ అవే అంతంతమాత్రం ప్రదర్శనలు చూపించి మార్కులు వేయమన్నారు. మొదట పేలవమైనవి చూసినవాళ్లు ఎక్కువ వేశారు, మంచివి చూసినవాళ్లు తక్కువ వేశారు. హాల్ టికెట్ నంబరు ప్రకారం మీ అమ్మాయికి ముందు వచ్చింది కాలేజీ ఫస్టా, మూడోసారి రాస్తున్న సీనియరా అన్నది కూడా మీ అమ్మాయి మార్కును కదిలిస్తుందన్నమాట.

ఇవి తెలియకుండా జరిగేవి. తెలిసి జరిగేవీ ఉన్నాయి. ఒక కాలేజీలో, పేరు అక్కర్లేదు, టీ విరామంలో నా ముందు జీడిపప్పు ప్లేటు పెట్టి, "మన పిల్లలే కదా మేడమ్, కొంచెం చూసీచూడనట్టు పోదాం" అన్నారు. అన్నాయన చెడ్డవాడు కాదు. తన విద్యార్థుల మీద ప్రేమ ఆయనది. వచ్చే ఏడాది ఆయనే మా కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా రావచ్చన్న ఎరుక కూడా ఇద్దరికీ ఉంది. ఎక్స్‌టర్నల్ అన్న పదవిని పెట్టిందే బయటి కన్ను కోసం. మర్యాదలు ఎక్కువైన కొద్దీ ఆ కన్ను మూసుకుపోతుంది.

డండీ ఊరి నుంచి వచ్చిన ఉపాయం

ఈ చిక్కులకు స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీలో రొనాల్డ్ హార్డెన్ ఒక దారి వెతికాడు. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దాన్ని వివరించాడు. మెడికల్ కాలేజీల్లో అందరి నోటా ఆస్కీగా నలిగే పరీక్ష అదే. ఒక పెద్ద పరీక్షను చిన్న చిన్న ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకు ఒక స్టేషన్. విద్యార్థులు గంట మోగగానే ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి జరుగుతారు. ఒక చోట బీపీ చూడాలి, ఒక చోట క్షయ సోకిందని చెప్పి మందులు ఎలా వాడాలో వివరించాలి, ఒక చోట ఎక్స్‌రే చదవాలి. ఒక్కో స్టేషన్‌లో కొన్ని నిమిషాలే. అందరికీ అవే స్టేషన్లు, అవే మార్కుల పట్టీలు. ఒక గద్ద చేతిలో పడినా పక్క స్టేషన్‌లో పావురం ఉంటుంది. ఒక జబ్బు తెలియకపోయినా మిగతావి నిలబెడతాయి.

ఒక స్టేషన్ దగ్గరికి వెళ్దాం. బల్ల మీద ఆస్తమా ఇన్‌హేలర్. ఎదురుగా రోగిగా శిక్షణ పొందిన వ్యక్తి. ఇన్‌హేలర్ వాడటం నేర్పించాలి. మొదటి విద్యార్థి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. బాగా కుదపండి, ఊపిరి పూర్తిగా వదలండి, పెదాలు బిగించండి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కండి, పది సెకన్లు బిగబట్టండి. పట్టీలో ఉన్నవన్నీ వచ్చాయి. రోగి మొహం వైపు మాత్రం ఒక్కసారి చూడలేదు. తర్వాత వచ్చిన అమ్మాయి కుదపమని చెప్పడం మరిచిపోయింది. కాని, "ఒకసారి మీరు చేసి చూపించండి బాబాయ్" అంది. ఆయన పీల్చడం అయిపోయాక నొక్కాడు. మందంతా నోట్లోనే ఆగిపోతుంది. ఆ అమ్మాయి అది పట్టుకుని, "కాదు బాబాయ్, పీల్చడం మొదలెట్టగానే నొక్కాలి, మళ్లీ చేద్దాం" అని సరిచేసింది. పట్టీ ప్రకారం మొదటివాడికి ఎక్కువ మార్కులు. ఆయాసం తగ్గేది మాత్రం రెండో అమ్మాయి దగ్గరికి వెళ్లిన రోగికి.

అందుకే పట్టీ ఒక్కటీ చాలదని తర్వాత గ్రహించారు. ఇప్పుడు మంచి ఆస్కీల్లో ఎగ్జామినర్ పట్టీతో పాటు మొత్తం మీద ఈ విద్యార్థి ఎలా చేశాడో కూడా రాయాలి. ఫెయిల్, అంచు మీద, పాస్, బాగు అని. పరీక్ష అయ్యాక ఈ రెండింటినీ కలిపి లెక్క తీస్తారు. 'అంచు మీద' అన్న వాళ్ల స్థాయికి పట్టీలో ఎన్ని మార్కులు సరిపోతున్నాయో, అదే ఆ స్టేషన్ పాస్ మార్కు. స్టేషన్ కష్టమైనదైతే గీత దానంతటదే కిందికి దిగుతుంది, తేలికైతే పైకి పోతుంది. రోగి ఎవరైనా, చోటు ఏదైనా మనం పట్టుకుని వేలాడే 50 శాతం కన్నా ఇది ఎంతో న్యాయం.

రోగిగా నటించే మనిషి అన్నాను కదా, దాని వెనక కూడా కథ ఉంది. 1963లో లాస్ ఏంజిలస్‌లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు ఒక మోడల్‌కు నరాల జబ్బు లక్షణాలన్నీ నేర్పి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. తోటి డాక్టర్లు మొదట వెక్కిరించారు. ఇప్పుడు అమెరికా, బ్రిటన్ వైద్యవిద్యలో అలాంటి వాళ్లు మామూలే. నాటక పరిషత్తులున్న మన ఊళ్లలో నటులకు కొదవా? కడుపునొప్పి, తలనొప్పి, భయం, దుఃఖం వాళ్లు అందరికీ ఒకేలా చూపించగలరు. మైట్రల్ కవాటం శబ్దాన్ని మాత్రం ఎవరూ నటించలేరు. దానికి పిన్నిలాంటి మనుషులు గాని, స్కిల్ ల్యాబ్‌లో బొమ్మలు గాని కావాలి.

కాటాకు ముద్ర వేసేదెవరు?

ఆస్కీ వచ్చినంత మాత్రాన కాలేజీల మధ్య తేడా పోదు. అవే స్టేషన్లు పది కాలేజీల్లో పెట్టారనుకోండి. ఒక్కో కాలేజీలో ఒక్కో ఎగ్జామినర్ల జట్టు. ఒక కాలేజీలో సగటు 70, ఇంకో చోట 60 వచ్చింది. మొదటి చోట పిల్లలు గట్టివాళ్లా, ఎగ్జామినర్లు మెత్తని వాళ్లా? ఆ జట్టు ఈ పిల్లల్ని చూడలేదు, ఈ జట్టు ఆ పిల్లల్ని చూడలేదు. మార్కుల పట్టికను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు.

కూరగాయల బజారులో అనుమానం వస్తే ఏం చేస్తాం? ఒకే కిలో రాయిని రెండు కాటాల మీదా పెట్టి చూస్తాం. తూనికలు కొలతల శాఖ వాళ్లు చేసేదీ అదే. ఇంగ్లండ్‌లోని కీల్ యూనివర్సిటీలో, ఇందాక చెప్పిన పీటర్ యేట్సే ఎగ్జామినర్లకు ఈ పని చేశాడు. కొన్ని స్టేషన్లలో కొందరు విద్యార్థుల ప్రదర్శనను వీడియో తీశారు. ఏ ఊళ్లో పరీక్ష పెట్టిన ఎగ్జామినర్‌ అయినా, తన దగ్గరికొచ్చిన విద్యార్థులతో పాటు ఆ వీడియోలకు కూడా మార్కులు వేయాలి. అందరూ కొలిచిన ఉమ్మడి రాయి ఆ వీడియోలు. వాటికి ఏ జట్టు ఎంత వేసిందో చూస్తే గద్దలెక్కడున్నాయో, పావురాలెక్కడున్నాయో బయటపడుతుంది. దాన్నిబట్టి మార్కులను సర్దవచ్చు. కెమెరా, నాలుగు వీడియోలు, ఒక స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషి. కోట్ల ఖర్చుతో పనిలేదు.

అందరినీ ఒకే చోటికి రప్పించడం ఇంకో దారి. అమెరికాలో విదేశాల నుంచి వచ్చే డాక్టర్లతో సహా అందరూ రాయాల్సిన యూఎస్‌ఎంఎల్‌ఈలో క్లినికల్ స్కిల్స్ పరీక్ష 2004 నుంచి ఉండేది. ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజిలస్, ఈ 5 చోట్లే కేంద్రాలు. మన గుంటూరు, కర్నూలు పిల్లలు దానికోసం అప్పు చేసి విమానమెక్కేవారు. ఫీజే వెయ్యి డాలర్ల పైమాట. కొవిడ్‌తో 2020లో ఆగింది, 2021 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు. బ్రిటన్ మాత్రం పట్టు వదల్లేదు. అక్కడ ప్రాక్టీసు చేయాలనుకునే మన డాక్టర్లు మాంచెస్టర్ వెళ్లి ప్లాబ్ రెండో భాగంలో 16 స్టేషన్లు తిరగాలి, ఒక్కోదానికి 8 నిమిషాలు.

మన సంగతి చూద్దాం. ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్థాన్‌లలో చదివి తిరిగొచ్చే మన పిల్లలు 2002 నుంచి ఎఫ్‌ఎంజీఈ రాయాలి. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్. అంతా కంప్యూటర్ ముందే, రోగి అన్నవాడు ఎక్కడా లేడు. పీజీ సీటు ఇచ్చే నీట్ కూడా అంతే. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం నెక్స్ట్ అనే ఉమ్మడి పరీక్షను తెచ్చింది. 2023లో వచ్చిన నిబంధనల్లో దాని రెండో దశ ప్రాక్టికల్. తర్వాత నెక్స్ట్ వాయిదా పడింది. ఆ రెండో దశను ఏ రాష్ట్రంలో ఆ రాష్ట్ర యూనివర్సిటీయే నడుపుకోవాలన్నది ఆలోచన. అంటే ఎప్పుడు వచ్చినా, ఉమ్మడి కొలరాయి లేకపోతే ఈ కథ మళ్లీ మొదటికే వస్తుంది.

పరీక్ష రోజు కాక, మిగతా రోజులు

అమెరికన్ వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో నేర్పును నాలుగు మెట్లుగా విడదీశాడు. తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించగలగడం, రోజువారీ పనిలో నిజంగా చేయడం. థియరీ మొదటి రెండు మెట్లు కొలుస్తుంది, ఆస్కీ మూడోది. నాలుగో మెట్టు పరీక్ష హాల్లో దొరకదు, వార్డులోనే చూడాలి. దానికి జాన్ నార్సినీ 1995లో మినీ సీఈఎక్స్ అనే పద్ధతి పెట్టాడు. టీచరు పావుగంట పక్కన నిలబడి విద్యార్థి రోగిని చూస్తుంటే గమనిస్తాడు, తర్వాత ఐదు నిమిషాలు ఏది బాగుందో ఏది దిద్దుకోవాలో చెబుతాడు. ఏడాదిలో చాలాసార్లు, చాలామంది టీచర్లతో. ఒకరి కోపం, ఇంకొకరి జాలి ఆ మొత్తంలో కలిసిపోతాయి.

మన దేశంలో 2019 నుంచి సామర్థ్యాల ఆధారంగా ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక నడుస్తోంది. లాగ్‌బుక్ వచ్చింది, స్కిల్ ల్యాబ్ తప్పనిసరి అయింది, కొన్ని పనులు చేతనైనట్టు టీచరు సంతకం పెట్టాలి. కాగితం మీద బాగానే ఉంది. కాని పరీక్షల ముందు వారం లాగ్‌బుక్కుల గుట్ట టేబుల్ మీదికొచ్చి, తేదీలు మార్చి మార్చి సంతకాలు పడే చోట ఆ పుస్తకం విలువ ఏపాటిదో చెప్పక్కర్లేదు. తప్పంతా టీచర్లదీ కాదు. ఓపీ, వార్డు, ఆన్‌లైన్ రికార్డులు, పీజీ క్లాసులు అయ్యాక ఒక్కో విద్యార్థి పక్కన పావుగంట నిలబడటానికి కొత్త కాలేజీల్లో మనుషులు చాలరు.

నా మట్టుకు మూడు పనులు ముందు జరగాలి. ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేస్‌ను ఉంచుతూనే దాని బరువు తగ్గించి, యూనివర్సిటీ తయారు చేసిన ఉమ్మడి ఆస్కీ స్టేషన్లను అన్ని కాలేజీల్లో ఒకే రోజు నడపాలి. ప్రతి ఎగ్జామినర్ పరీక్షకు ముందు అవే మూడు నాలుగు వీడియోలకు మార్కులు వేయాలి. తాను గద్దో పావురమో ఆయనకు తెలియాలి, యూనివర్సిటీకీ తెలియాలి. ఏ కాలేజీలో ప్రాక్టికల్ సగటు ఎంత, అదే పిల్లల థియరీ సగటు ఎంత అన్న లెక్కను యూనివర్సిటీ ఏటా బయటపెట్టాలి. థియరీలో 50 దగ్గర ఆగిన పిల్లలంతా ప్రాక్టికల్స్‌లో 75 దాటితే అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది.

న్యాయం లేని పరీక్షలో నష్టపోయేది ఫెయిలైన మంచి విద్యార్థి ఒక్కడే అనుకుంటాం. వాడు కొన్ని నెలలకు మళ్లీ రాసి గట్టెక్కుతాడు. అర్హత లేకుండా గట్టెక్కినవాణ్ణి మాత్రం మళ్లీ ఎవరూ పరీక్షించరు. వాడి లాంగ్ కేసులన్నీ ఇక మన ఇళ్ల వాళ్లే.

మెడికల్ సీటు కౌన్సెలింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు హాస్టల్, ఫీజు, పాస్ శాతం అడుగుతారు. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. మీ దగ్గర మూడో సంవత్సరం పిల్లలు రోజూ ఎన్ని గంటలు వార్డులో ఉంటారు? ఏడాదిలో ఎన్నిసార్లు టీచరు పక్కన నిలబడి వాళ్లు రోగిని చూడటం చూస్తారు? తడుముకోకుండా జవాబు చెప్పే కాలేజీ ఊరికి దూరమైనా, పేరు కొత్తదైనా, అక్కడే చేర్చండి.